బలమైన ఆమ్లాలు, బలమైన క్షారాలు: ఒకే సమీకరణంతో పీహెచ్ లెక్క (ప్రాజెక్టు డైరీ)

శనివారం

బలమైన ఆమ్లాన్ని గానీ బలమైన క్షారాన్ని గానీ నీళ్లలో కలిపితే ఆ ద్రావణం పీహెచ్ ఎంతో చెప్పే స్ప్రెడ్‌షీట్ ఒకటి తయారు చేస్తున్నాను. పీహెచ్ అంటే ద్రావణం ఎంత ఆమ్లమో, ఎంత క్షారమో చెప్పే సంఖ్య: గది ఉష్ణోగ్రత దగ్గర 7 కంటే తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం. రెండు షరతులు పెట్టుకున్నాను. గాఢత ఎంత ఎక్కువైనా, ఎంత తక్కువైనా ఒకే సూత్రం పనిచేయాలి. "ఇక్కడి నుంచి వేరే సూత్రం వాడండి" అనే మాట షీటులో ఉండకూడదు. రెండోది, షీటు చెప్పిన అంకెలను వీలైనంత వరకు ద్రావణం కలిపి, మీటర్‌తో కొలిచి సరిచూడాలి.

హైడ్రోజన్ అయాన్ల గాఢతకు లాగ్ తీసి ముందు మైనస్ పెడితే సరిపోయేదానికి ఇంత పనెందుకని అనిపించవచ్చు. మామూలు గాఢతలకు నిజంగానే అది చాలు. 0.01 మోలార్ (లీటరుకు 0.01 మోల్) హైడ్రోక్లోరిక్ ఆమ్లం పీహెచ్ 2. 0.01 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌కు పీఓహెచ్ (హైడ్రాక్సైడ్ అయాన్లకు ఇదే లెక్క) 2, దాన్ని 14లోంచి తీసేస్తే పీహెచ్ 12. ఇది నోటి లెక్క. అయితే నా దగ్గర చదువుకునే ఒక అమ్మాయి మొన్న ఇలా అడిగింది: "సార్, 10⁻⁸ మోలార్ ఆమ్లానికి ఇదే సూత్రం వేస్తే పీహెచ్ 8 వస్తోంది. నీళ్లు పోస్తూ పోతే ఆమ్లం కాస్తా క్షారం అయిపోతుందా?" కాదని తనకూ తెలుసు. సూత్రం ఎక్కడ చెల్లకుండా పోతుందో, ఎందుకు పోతుందో తెలుసుకోవాలన్నదే తన పట్టుదల. చాలా మంచి ప్రశ్న. "అలాంటప్పుడు నీటి నుంచి వచ్చే అయాన్లను కూడా కలుపుకోవాలి" అని ఒక్క ముక్కలో చెప్పి దాటేయడం నాకిష్టం లేదు. అలా చెబితే అదేదో మినహాయింపులా గుర్తుండిపోతుంది. నిజానికి అది మినహాయింపు కాదు, అసలు సంగతే అది.

ముందుగా సరిహద్దు గీసుకోవాలి. ఇక్కడ బలమైన అంటే నీళ్లలో పూర్తిగా అయాన్లుగా విడిపోయేవి. హైడ్రోక్లోరిక్, హైడ్రోబ్రోమిక్, హైడ్రయోడిక్, నైట్రిక్, పెర్‌క్లోరిక్ ఆమ్లాలు ఈ కోవలోకి వస్తాయి. క్షారాల్లో లిథియం, సోడియం, పొటాషియం హైడ్రాక్సైడ్లు, ఇంకా కాల్షియం, స్ట్రాన్షియం, బేరియం హైడ్రాక్సైడ్లు. సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని కావాలనే పక్కన పెట్టాను, దాని సంగతి తర్వాత. బలానికీ గాఢతకూ సంబంధం లేదన్నది పిల్లలకు పదే పదే చెప్పాల్సిన విషయం. నీళ్లలో ఒక్క చుక్క వేసినా హైడ్రోక్లోరిక్ ఆమ్లం బలమైనదే. సీసా నిండా ఉన్నా అసిటిక్ ఆమ్లం బలహీనమైనదే.

ఆదివారం

షీటులో మొదటి వరుసలు వేశాను. ఒక గడిలో గాఢత, పక్క గడిలో ఒక్కో అణువు నుంచి ఎన్ని హైడ్రాక్సైడ్లు వస్తాయన్న సంఖ్య, ఆ తర్వాత మామూలు లాగ్ సూత్రం. ఈ రెండో గడిని వదిలేస్తే లెక్క తప్పుతుంది. 0.005 మోలార్ బేరియం హైడ్రాక్సైడ్‌లో హైడ్రాక్సైడ్ గాఢత 0.01, కాబట్టి పీహెచ్ 12. కాల్షియం హైడ్రాక్సైడ్‌కు మరో అడ్డుగోడ ఉంది. అది నీళ్లలో పూర్తిగా విడిపోతుంది గానీ పెద్దగా కరగదు. గది ఉష్ణోగ్రత దగ్గర లీటరుకు 1.7 గ్రాములకు కాస్త అటూఇటూ, అంటే దాదాపు 0.02 మోలార్. అందుకే తేరిన సున్నపు నీటి పీహెచ్ 12.4 దగ్గర ఆగిపోతుంది. ఇంకా సున్నం వేసినా అది అడుగున పేరుకుంటుందే తప్ప పీహెచ్ పెరగదు.

క్యాలిక్యులేటర్ లేకుండా లెక్కించడం కూడా పిల్లలకు రావాలి. లాగ్ 2 అంటే 0.30, లాగ్ 3 అంటే 0.48 అని గుర్తుంటే చాలా వరకు గడిచిపోతుంది. 3 × 10⁻⁴ మోలార్ ఆమ్లానికి 4లోంచి 0.48 తీసేస్తే 3.52. ద్రావణాన్ని రెండింతలు పల్చన చేస్తే పీహెచ్ 0.30 మారుతుంది, పదింతలు చేస్తే సరిగ్గా 1 మారుతుంది. దశాంశ స్థానాల పద్ధతి కూడా షీటులో పక్కనే రాసి పెట్టాను. గాఢతలో ఎన్ని సార్థక అంకెలుంటే పీహెచ్‌లో దశాంశ బిందువు తర్వాత అన్ని అంకెలు రాయాలి. గాఢత 2.5 × 10⁻³ అయితే పీహెచ్ 2.60. బిందువుకు ముందున్న 2 కేవలం పదిఘాతం ఎంతో చెబుతుంది.

మంగళవారం రాత్రి

ఈ రోజు అసలు సూత్రం కూర్చాను. ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే.

హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేసిన నీళ్లలో అయాన్లు మూడే మూడు: హైడ్రోజన్, క్లోరైడ్, హైడ్రాక్సైడ్. ద్రావణం మొత్తం మీద ఆవేశం సున్నా. కాబట్టి ధనావేశాలు ఎన్నో ఋణావేశాలూ అన్నే ఉండాలి. అంటే హైడ్రోజన్ అయాన్లు క్లోరైడ్, హైడ్రాక్సైడ్‌ల మొత్తానికి సమానం. క్లోరైడ్ ఎంతో మనకు తెలుసు, మనం వేసిన ఆమ్లం గాఢతే అది. దాన్ని 'గా' అందాం. హైడ్రోజన్ అయాన్ల గాఢతను 'హ' అందాం. హైడ్రాక్సైడ్‌ను నీటి అయానిక లబ్ధం (హైడ్రోజన్, హైడ్రాక్సైడ్ గాఢతల లబ్ధం) నుంచి తీసుకోవచ్చు. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర అది 10⁻¹⁴. కాబట్టి

హ = గా + 10⁻¹⁴ ÷ హ

ఇది వర్గ సమీకరణం. సాధిస్తే

హ = [గా + √(గా² + 4 × 10⁻¹⁴)] ÷ 2

గా విలువ 0.01 అయితే వర్గమూలం లోపలి రెండో పదం ఎక్కడా కనిపించదు, హ కూడా 0.01 అవుతుంది. మనం రోజూ వాడే లాగ్ సూత్రం ఈ సమీకరణానికి ఒక చివర. గా సున్నా అయితే హ 10⁻⁷, పీహెచ్ 7, అది స్వచ్ఛమైన నీరు. అది మరో చివర. 10⁻⁸ మోలార్ ఆమ్లం ఈ రెంటి మధ్య పడుతుంది. లెక్కిస్తే హ = 1.05 × 10⁻⁷, పీహెచ్ 6.98. ఏడుకు కాస్త తక్కువ, అంతే. నీళ్లు ఎన్ని పోసినా ఆమ్లం ఏడు దాటదు, ఎందుకంటే సమీకరణంలో గా ధనాత్మకంగా ఉన్నంత కాలం హ విలువ 10⁻⁷ కంటే ఎక్కువే.

10⁻⁶ మోలార్ దగ్గర ఈ సూత్రం 5.996 చెప్పింది. లాగ్ సూత్రం 6.00 చెబుతుంది. మామూలు పనికి అక్కడి దాకా లాగ్ సూత్రాన్ని నిశ్చింతగా నమ్మవచ్చు. 10⁻⁷ దగ్గర మాత్రం తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది: 7.00 బదులు 6.79. అక్కడ హ విలువ 1.618 × 10⁻⁷ అని వచ్చింది. లెక్కల్లో స్వర్ణ నిష్పత్తి అని చెప్పుకునే సంఖ్య అదే. ఆమ్లం గాఢత నీటి సొంత 10⁻⁷కు సమానమైతే, 10⁻⁷నే ప్రమాణంగా తీసుకుంటే సమీకరణం హ² = హ + 1 రూపంలోకి వస్తుంది కాబట్టి అది రాక తప్పదు. అయినా ఆ గడిలో ఆ అంకెలు చూసినప్పుడు కాసేపు అలాగే ఉండిపోయాను.

క్షారం కోసం వేరే సూత్రం అక్కర్లేదు. సోడియం హైడ్రాక్సైడ్ వేస్తే సోడియం అయాన్లు ధనావేశాల వైపు చేరతాయి. అంటే గా ముందు మైనస్ పెడితే చాలు. ఆమ్లం, క్షారం రెండూ కలిపితే గా అంటే ఆమ్లంలోంచి క్షారాన్ని తీసేసినది. ఈ ఒక్క గడితో అన్ని సందర్భాలూ నడిచిపోతాయి.

షీటులో దీన్ని రాసేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. గా విలువ −1 అనుకోండి. వర్గమూలం విలువ 1 కంటే 2 × 10⁻¹⁴ మాత్రమే ఎక్కువ. స్ప్రెడ్‌షీట్ దాచుకోగలిగేది పదిహేను, పదహారు అంకెలే. రెండు దాదాపు సమాన సంఖ్యలను ఒకదానిలోంచి ఒకటి తీసేస్తే నమ్మదగిన అంకెలు ఒకటో రెండో మిగులుతాయి. అందుకే హైపర్‌బోలిక్ సైన్ విలోమంతో రాశాను. షీటులో ఆ ఫంక్షన్ పేరు ఏఎస్ఐఎన్‌హెచ్.

పీహెచ్ = 7 − ఏఎస్ఐఎన్‌హెచ్(గా ÷ (2 × 10⁻⁷)) ÷ 2.3026

ఇది అదే వర్గ సమీకరణం, వేషం మాత్రమే మారింది. ఆ ఫంక్షన్ ఋణ సంఖ్యలను కూడా సరిగ్గా లెక్కగడితే అంకెలు రాలిపోయే బాధ ఉండదు. వాడేవాళ్లు గా = −1 వేసి 14.00 వస్తోందో లేదో ఒకసారి చూసుకుంటే మంచిది. ఫంక్షన్ లేని చోట క్షారానికి ముందు హైడ్రాక్సైడ్‌ను లెక్కగట్టి, తర్వాత పీహెచ్‌కు రావాలి.

శుక్రవారం

ద్రావణాలు కలిపే రోజు. కళ్లద్దాలు, గ్లవ్స్, కిటికీలు బార్లా తెరవడం, ఇవి లేకుండా సీసా మూత తీయను.

గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం సీసా మీద 37 శాతం అని ఉంది, సాంద్రత మి.లీ.కు 1.19 గ్రాములు. లీటరు ఆమ్లం 1,190 గ్రాములు, అందులో 37 శాతం అంటే 440 గ్రాములు, దాన్ని 36.46తో భాగిస్తే దాదాపు 12 మోలార్. లీటరు 0.1 మోలార్ ద్రావణానికి 8.3 మి.లీ. కావాలి. ఫ్లాస్కులో సగం దాకా నీళ్లు ముందే పోసి, వాటిలో ఆమ్లాన్ని మెల్లగా వదిలాను. ఎప్పుడూ నీళ్లలోకే ఆమ్లం పోయాలి, ఆమ్లంలోకి నీళ్లు పోయకూడదు. తర్వాత గీత దాకా నింపాను. ఈ ఆమ్లం మూత తీస్తే పొగలు కక్కుతూ బలం కోల్పోతుంది కాబట్టి 12 అన్నది అంచనా మాత్రమే. అసలు గాఢత టైట్రేషన్‌లోనే, అంటే గాఢత తెలిసిన ద్రావణంతో చర్య జరిపి చూస్తేనే తేలుతుంది.

సోడియం హైడ్రాక్సైడ్ ఇంకా పేచీ. గుళికలు తూకం మీద ఉండగానే గాలిలోని తేమను పీల్చి మెరవడం మొదలుపెడతాయి, కార్బన్ డయాక్సైడ్‌ను కూడా పీలుస్తాయి. తూకంలో చివరి అంకె కదులుతూనే ఉంటుంది. లీటరుకు 4 గ్రాముల లెక్కన తూచాను గానీ ఆ తూకాన్ని నేను నమ్మను. అందుకే తూకం నమ్మదగిన ఆమ్ల లవణం, పొటాషియం హైడ్రోజన్ థాలేట్ 0.4084 గ్రాములు తూచి నీళ్లలో కరిగించాను. దాని అణుభారం 204.22, కాబట్టి అది సరిగ్గా 2 మిల్లీమోల్. రెండు చుక్కల ఫినాల్ఫ్తలీన్ (క్షారం ఎక్కువైతే గులాబీ రంగుకు మారే సూచిక) వేసి బ్యూరెట్‌లోంచి క్షారాన్ని వదిలితే లేత గులాబీ రంగు 20.45 మి.లీ. దగ్గర నిలిచింది. 2ను 20.45తో భాగిస్తే 0.0978 మోలార్. ఇదే క్షారంతో ఆమ్లం గాఢతను కూడా తేల్చుకున్నాను.

ఇక్కడ ఒక సంగతి షీటు స్పష్టంగా చూపించింది. 0.1కీ 0.0978కీ పీహెచ్ తేడా 0.01 మాత్రమే. గాఢతలో 2.2 శాతం తేడాను లాగ్ ఇలా నొక్కేస్తుంది. దీన్ని తిరగేసి చూస్తే, మీటర్ రెండో దశాంశం ఒక్కటి తప్పు చెప్పినా గాఢతలో 2.3 శాతం తప్పినట్టే. గాఢత ఖచ్చితంగా కావాలంటే టైట్రేషన్ చేయాలి. పీహెచ్ నుంచి వెనక్కి లెక్కించి గాఢత చెప్పడం అంత మంచి పద్ధతి కాదు.

తర్వాత వరుస తయారు చేశాను. పిపెట్‌తో 10 మి.లీ. తీసి 100 మి.లీ. ఫ్లాస్కులో వేసి గీత దాకా నింపాలి. దాంట్లోంచి మళ్లీ 10 మి.లీ. అలా 0.1 నుంచి 10⁻⁶ దాకా.

శనివారం

మీటర్ రోజు. మీటర్‌ను సరిచూసే బఫర్లు (పీహెచ్ ముందే తెలిసిన ద్రావణాలు) మూడు: 4.01, 7.00, 10.01. గాజు ఎలక్ట్రోడ్ కొలిచేది నిజానికి వోల్టేజి. పీహెచ్ ఒక్కటి మారితే 25 డిగ్రీల దగ్గర 59.16 మిల్లీవోల్టులు మారాలి. క్యాలిబ్రేషన్‌లో ఆ వాలు సరిగ్గా ఉందో లేదో చూసుకున్నాకే మొదలుపెట్టాను. చేతిలో ఇమిడే ఇలాంటి మీటర్ల వెనుక ఒక ఆసక్తికరమైన చరిత్ర ఉంది. పీహెచ్ కొలమానాన్ని 1909లో కోపెన్‌హేగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో సోరెన్‌సెన్ ప్రతిపాదించాడు, ఎంజైముల మీద పనిచేస్తూ. పాతికేళ్ల తర్వాత 1934లో ఆర్నాల్డ్ బెక్‌మన్ నిమ్మజాతి పండ్ల రసం పులుపు కొలవడానికి ఎలక్ట్రానిక్ మీటర్ తయారు చేశాడు. పాలు, పండ్లు, పులియబెట్టడం, ఇలాంటి పనుల వల్లే ఈ కొలత ఇంతగా పాతుకుపోయింది.

ఆమ్లం వైపు వచ్చిన రీడింగులు: 0.1 మోలార్‌కు 1.11, 0.01కి 2.05, 0.001కి 3.02, 10⁻⁴కు 4.01. షీటు చెప్పింది 1.00, 2.00, 3.00, 4.00. గాఢత తగ్గేకొద్దీ తేడా కరిగిపోతోంది. 0.11 తేడా అంటే చిన్నది కాదు, పైగా నేను వాడిన గాఢత టైట్రేషన్‌తో సరిచూసుకున్నదే.

కారణం క్రియాశీలత. అయాన్లు కిక్కిరిసి ఉన్నప్పుడు ఒకదాన్నొకటి ఆకర్షించుకుంటూ, పూర్తి స్వేచ్ఛతో ఉన్నట్టు ప్రవర్తించవు. మీటర్‌కు తెలిసేది ఆ ప్రవర్తనే, అయాన్ల తల లెక్క కాదు. పీహెచ్ అసలు నిర్వచనం కూడా క్రియాశీలత మీదే ఉంది. 0.1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లానికి, క్రియాశీలతను గాఢతతో భాగిస్తే వచ్చే గుణకం దాదాపు 0.80, అంటే పీహెచ్ 1.10. షీటులో ఆ గుణకాన్ని అంచనా వేసే డేవిస్ సమీకరణంతో ఒక వరుస కలిపాను. అది 0.1కు 1.11, 0.01కి 2.05, 0.001కి 3.02 చెప్పింది. మీటర్ రీడింగుల పక్కన పెట్టి చూస్తే అచ్చుగుద్దినట్టు కుదిరాయి.

డేవిస్ సమీకరణం దాదాపు 0.5 మోలార్ దాటితే పనికిరాదు. బాగా గాఢమైన ఆమ్లంలో కథ అడ్డం తిరుగుతుంది. అక్కడ నీళ్ల అణువులన్నీ అయాన్ల చుట్టూ చేరిపోవడంతో గుణకం ఒకటి దాటి పెరుగుతుంది. 10 మోలాల్ (కిలో నీటికి 10 మోల్) హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో అది దాదాపు 10. పీహెచ్ సున్నా కంటే దిగువకు పోకూడదన్న నియమమేదీ లేదు. కాలిఫోర్నియాలోని ఐరన్ మౌంటెన్ గని నీటిలో −3.6 కొలిచారు. నా షీటులో 0.5 మోలార్ దాటితే గడి రంగు మారేలా పెట్టాను. అక్కడ వచ్చే అంకెను అంచనాగానే తీసుకోవాలి.

క్షారం వైపు 0.0978 మోలార్‌కు మీటర్ 12.85 చూపించింది. క్రియాశీలత కలిపిన లెక్క 12.88. ఈ కాస్త లోటుకు ఒక కారణం ఎలక్ట్రోడే కావచ్చు. హైడ్రోజన్ అయాన్లు అతి తక్కువగా, సోడియం అయాన్లు బోలెడన్ని ఉన్నచోట గాజు సోడియంను కూడా కొంచెం లెక్కలో వేసుకుని పీహెచ్ తక్కువ చూపిస్తుంది. పొటాషియం హైడ్రాక్సైడ్‌తో ఈ పొరపాటు తక్కువ.

ఆదివారం

నిన్న 10⁻⁶ మోలార్ ఆమ్లం రీడింగు రాయకుండా వదిలేశాను, కారణం అది ఒక చోట నిలవలేదు. మూత ఉన్న సన్న మూతి సీసాలో, మరిగించి చల్లార్చిన డిస్టిల్డ్ వాటర్‌తో కలిపినప్పుడు 5.9 చుట్టూ తచ్చాడింది. అదే ద్రావణాన్ని బీకర్లో పోసి స్టిర్రర్ మీద పెడితే అంకె దిగడం మొదలైంది. 5.85, 5.78, 5.70. దిగేకొద్దీ వేగం తగ్గింది, చివరికి 5.5 దగ్గర ఆగినట్టే ఆగి, మళ్లీ ఒక్కో అంకె అటూఇటూ ఊగింది. ఇంత తక్కువ అయాన్లున్న నీళ్లలో ఎలక్ట్రోడ్ మెల్లగానే స్పందిస్తుంది, నిజమే. కానీ ఎప్పుడు కొలిచినా కిందికే పోతోందంటే ఏదో ఆమ్లం లోపలికి చేరుతోందన్నమాట.

అది గాలిలోని కార్బన్ డయాక్సైడ్. నీళ్లలో కరిగి కార్బోనిక్ ఆమ్లం అవుతుంది, అందులో కొంత హైడ్రోజన్ అయాన్, బైకార్బొనేట్‌గా విడిపోతుంది. అందుకే గాలి సోకిన డిస్టిల్డ్ వాటర్ పీహెచ్ 7 ఉండదు, 5.6 దగ్గర ఉంటుంది.

మరి దీన్ని షీటులోకి ఎలా తేవాలి? మళ్లీ ఆవేశాల దగ్గరికే వెళ్లాను. ఇప్పుడు ఋణావేశాల వైపు మరో అయాన్ చేరింది, బైకార్బొనేట్. గాలితో సమతాస్థితికి వచ్చిన నీళ్లలో కరిగిన కార్బన్ డయాక్సైడ్ స్థిరంగా, దాదాపు 1.4 × 10⁻⁵ మోలార్ ఉంటుంది. దాని మొదటి విఘటన స్థిరాంకం (అయాన్లుగా ఎంత మేరకు విడిపోతుందో చెప్పే సంఖ్య) 4.45 × 10⁻⁷. రెండింటినీ గుణిస్తే దాదాపు 6 × 10⁻¹². బైకార్బొనేట్ గాఢత ఈ సంఖ్యను హతో భాగిస్తే వస్తుంది. హైడ్రాక్సైడ్ కూడా ఒక స్థిర సంఖ్యను హతో భాగిస్తేనే కదా వచ్చేది! రెండూ ఒకే ఆకారంలో ఉన్నాయి కాబట్టి కలిపేయవచ్చు. 10⁻¹⁴ పక్కన 6 × 10⁻¹² ఎంతో పెద్దది. అంటే పాత సమీకరణంలో 10⁻¹⁴ ఉన్నచోట 6 × 10⁻¹² రాస్తే చాలు. పీహెచ్ 8 లోపు, అంటే కార్బొనేట్ పెద్దగా తలెత్తని చోట, ఇంతకంటే ఏమీ అక్కర్లేదు.

10⁻⁶ మోలార్ ఆమ్లానికి వేసి చూశాను. వర్గమూలం లోపల 10⁻¹² + 24 × 10⁻¹² = 25 × 10⁻¹², వర్గమూలం 5 × 10⁻⁶. హ = 3 × 10⁻⁶, పీహెచ్ 5.52. మీటర్ ఆగిన చోటు అదే! ఆ అమ్మాయి అడిగిన 10⁻⁸ మోలార్ ఆమ్లాన్ని తెరిచిన బీకర్లో కొలిస్తే 6.98 ఎప్పటికీ రాదు, 5.61 దగ్గర ఆగుతుంది. 10⁻⁷ అయినా 5.60. పుస్తకంలోని 6.98 గాలి తగలని నీళ్లకు మాత్రమే.

క్షారం దగ్గర ఇదింకా ఆశ్చర్యకరంగా ఉంది. 10⁻⁵ మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌కు కలపగానే పీహెచ్ 9 రావాలి. గాలిలో వదిలేస్తే? గా = −10⁻⁵ వేస్తే హ = 5.7 × 10⁻⁷, పీహెచ్ 6.25. బలమైన క్షారం వేసి కలిపిన ద్రావణం ఏడు కిందికి దిగిపోతోంది! బీకర్లో పోసి స్టిర్రర్ తిప్పుతూ చూస్తే మొదట 8.8 ఉన్న అంకె ఎనిమిది దాటి కిందికి జారింది, ఏడు కూడా దాటింది, భోజనం చేసి వచ్చేసరికి 6.4 ఉంది. పలుచని క్షారం పీహెచ్ ఎంత అని అడిగితే, కలిపి ఎంతసేపైందో, మూత ఉందో లేదో కూడా చెప్పాలి. ఈ అంశం పాఠ్యపుస్తకాల్లో పీహెచ్ లెక్కల పక్కనే ఉండాలని నా గట్టి అభిప్రాయం. పిల్లలు ల్యాబులో కొలిచి, అంకె కలవకపోతే తమదే పొరపాటని నోట్‌బుక్‌లో దిద్దుకుంటారు. వాళ్ల కొలత సరైనదే అయ్యుండవచ్చు.

షీటులో ఇప్పుడు మూత ఉంది, మూత లేదు అని రెండు ఎంపికలున్నాయి. మూత లేదు అంటే స్థిరాంకం మారుతుంది, సూత్రం అదే.

బుధవారం

ఆమ్లం, క్షారం కలిపే లెక్క. 50 మి.లీ. 0.1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలోకి అదే గాఢత ఉన్న సోడియం హైడ్రాక్సైడ్ వదులుతూ పోతే గా ఎలా మారుతుందో షీటులో నింపాను. ఇక్కడ గాఢతలను నేరుగా తీసేయకూడదు. ముందు మిల్లీమోల్‌లుగా మార్చుకుని, తీసేసి, మొత్తం ఘనపరిమాణంతో భాగించాలి. 49 మి.లీ. దగ్గర 0.1 మిల్లీమోల్ ఆమ్లం మిగిలింది, 99 మి.లీ.లో అది 0.00101 మోలార్, పీహెచ్ 3.00. 49.9 దగ్గర 4.00. 50 దగ్గర 7. 50.1 దగ్గర 10.00.

మొదటి 49 మి.లీ.కు పీహెచ్ రెండే రెండు కదిలితే, 49.9కీ 50.1కీ మధ్య, అంటే 0.2 మి.లీ.లో ఆరు కదిలింది. బ్యూరెట్ చుక్క దాదాపు 0.05 మి.లీ., అంటే నాలుగు చుక్కలు. ఆ చోట చుక్కను పూర్తిగా రాలనివ్వకుండా బ్యూరెట్ మొనకు వేలాడుతుండగానే గాజు కడ్డీతో అద్ది, పిచికారీతో ఫ్లాస్కులోకి కడిగాను. ఆ అరచుక్కకే రంగు వచ్చేసింది. ఏ సూచిక వాడినా ఇక్కడ ఫలితం దాదాపు ఒకటే ఎందుకు వస్తుందో ఈ నిటారు గీత చూస్తే అర్థమవుతుంది.

పీహెచ్ 2 ఉన్న ద్రావణం, పీహెచ్ 4 ఉన్న ద్రావణం సమానంగా కలిపితే 3 అని చాలామంది అంటారు. హైడ్రోజన్ అయాన్లను సగటు చేయాలి, పీహెచ్‌లను కాదు. 0.01, 0.0001ల సగటు 0.00505, పీహెచ్ 2.30.

శుక్రవారం

సల్ఫ్యూరిక్ ఆమ్లం. మొదటి హైడ్రోజన్ పూర్తిగా విడిపోతుంది, రెండోది పూర్తిగా విడిపోదు, దాని స్థిరాంకం దాదాపు 0.012. 0.01 మోలార్ ద్రావణానికి ఒక్క హైడ్రోజన్ లెక్కేస్తే పీహెచ్ 2.00, రెండూ లెక్కేస్తే 1.70. నిజం మధ్యలో ఉంది: 1.84. 0.1 మోలార్ దగ్గర రెండో హైడ్రోజన్ పదిలో ఒక వంతే విడిపోతుంది, పీహెచ్ 0.96. 0.001 దగ్గర చాలా వరకు విడిపోతుంది, పీహెచ్ 2.73. క్రియాశీలత కలపకుండా చేసిన లెక్కలివి. దీన్ని రెండు హైడ్రోజన్ల బలమైన ఆమ్లంగా తీసుకునే అలవాటు పలుచని ద్రావణాలకు పర్వాలేదు, మిగతా చోట్ల వద్దు. షీటులో దీనికి విడిగా ఒక గడి పెట్టాను.

ఆదివారం

చివరి వరుస ఉష్ణోగ్రత. నీటి అయానిక లబ్ధం 10⁻¹⁴ అన్నది 25 డిగ్రీలకే. దాని మైనస్ లాగ్ 0 డిగ్రీల దగ్గర దాదాపు 14.9, 37 దగ్గర 13.6, 60 దగ్గర 13.0. కాబట్టి 60 డిగ్రీల దగ్గర స్వచ్ఛమైన నీటి పీహెచ్ 6.5. అది ఆమ్లం కాదు, హైడ్రోజన్, హైడ్రాక్సైడ్ రెండూ సమానంగానే ఉన్నాయి, రెండూ పెరిగాయి. ఆ వేడి దగ్గర 0.01 మోలార్ ఆమ్లం పీహెచ్ 2గానే ఉంటుంది, 0.01 మోలార్ క్షారం మాత్రం 12 నుంచి 11కు దిగుతుంది. క్షారం పోయిందేమీ లేదు, 14 అనే సంఖ్యే 13 అయింది. పీఓహెచ్‌ను 14లోంచి తీసేయమని చెప్పేటప్పుడు పక్కన ఉష్ణోగ్రత రాయించడం ఇక నుంచి తప్పనిసరి చేస్తాను.

మీటర్‌లో ఉండే ఉష్ణోగ్రత సవరణ ఈ మార్పును సరిచేయదు. అది ఎలక్ట్రోడ్ వాలును మాత్రమే సరిచేస్తుంది: 0 డిగ్రీల దగ్గర 54.2 మిల్లీవోల్టులు, 60 దగ్గర 66.1. వేడి ద్రావణంలో మీటర్ చూపించేది ఆ వేడి దగ్గరి పీహెచ్, 25 డిగ్రీలకు మార్చినది కాదు.

షీటులో మిగిలిన పని ఒకటే. మూత లేని ఎంపికలో పీహెచ్ 8 దాటిన చోట కార్బొనేట్‌ను కూడా ఆవేశాల లెక్కలోకి తేవాలి. అప్పుడది వర్గ సమీకరణంగా ఉండదు, ఘన సమీకరణం అవుతుంది. వచ్చే వారం ఆ వరుస మొదలుపెడతాను, 0.001 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌ను రాత్రంతా గాలిలో ఉంచి తెల్లారి కొలుస్తాను.